పిండం పక్కన భీమశంకరం

హత్యకు గురైన నాలుగో రోజు పొద్దున పది గంటలకు దస్తావేజు లేఖరి భీమశంకరం తన హత్య గురించి వాంగ్మూలం ఇవ్వడానికి సోమరాజుగట్టు పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి, అనుమానాల కౌంటర్ ముందు రెండువందల పద్దెనిమిదో మనిషిగా క్యూలో నిలబడ్డాడు. చనిపోయినవాళ్ళు పెద్దకర్మ రోజు సాయంత్రం దాకా ఊళ్ళో తిరగడం అక్కడ కొత్తేమీ కాదు. మిగిలిపోయిన పనులుంటాయి, చక్కబెట్టుకుని వెళతారు. అందుకని ఆయన్ని ఎవరూ వింతగా చూడలేదు. ముందున్న పెద్దమనిషి మాత్రం వెనక్కి తిరిగి, "మీకిలా జరక్కుండా ఉండాల్సిందండీ" అని పరామర్శించి మళ్ళీ ముందుకు తిరిగాడు. ఆయన్ని ముందుకు పంపిద్దామని ఎవరికీ తోచలేదు. క్యూ అన్నాక క్యూయే.

ఆ కౌంటర్ పెట్టి ఏడాది అయింది. హంతకుడు దొరకని కేసుల్లో జనం టీ కొట్ల దగ్గర నోటికొచ్చింది మాట్లాడుకుంటున్నారనీ, అంత తెలివీ గాలిలో కలిసిపోతోందనీ పై అధికారులకు బాధ కలిగింది. అప్పటినుంచి అనుమానం ఉన్న ప్రతివారూ వచ్చి గులాబీ రంగు ఫారం నింపి ఇవ్వాలి. శనివారం సాయంత్రం పేర్లన్నీ బోర్డు మీద పెడతారు. పెద్దకర్మ నాటికి ఎవరి పేరు పైన ఉంటే దర్యాప్తు వారి ఇంటివైపు నడుస్తుంది. పద్ధతి బ్రహ్మాండంగా పనిచేస్తోందని ఊరంతా ఒప్పుకుంది. వెనక ఒక్కో కేసు తేలడానికి ఏళ్ళు పట్టేది, ఇప్పుడు పదకొండు రోజుల్లో తేలిపోతోంది. పైగా తేలినవాటిలో ఒక్కటి కూడా తప్పని తేలలేదు, ఎందుకంటే తేలాక మళ్ళీ ఎవరూ చూడరు.

భీమశంకరానికి హంతకుడెవరో తెలియదు. రిజిస్ట్రార్ ఆఫీసుకు ఎదురుగా ఉన్న తన రేకుల షెడ్డులో, మధ్యాహ్నం ఒంటిగంటకు, ఎవరో వెనకనుంచి తలమీద కొట్టారు. ఆయనకు తెలిసిందల్లా ఒకటే. ఆ సమయంలో తన భార్య భ్రమరాంబతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. దోసకాయ పప్పు వండనా, పచ్చడి చేయనా అని ఆవిడ అడిగింది. పప్పు అని చెప్పేలోపే దెబ్బ పడింది. కింద పడ్డాక కూడా ఫోన్లో ఆవిడ గొంతు వినిపిస్తూనే ఉంది. "ఏవండీ, పలకరేం? ఏవండీ..." అంటూనే ఉంది. ఈ లోకంలో ఆయన ప్రాణంతో విన్న ఆఖరి మాట అదే. కొట్టింది ఎవరైనా కావచ్చు గాని భ్రమరాంబ మాత్రం కాదు. ఆ ఒక్క ముక్క చెప్పడానికే వచ్చాడు.

చెప్పకపోతే ఆవిడ కొంప మునిగేలా ఉంది మరి. మూడో రోజు పాలవాడు వస్తే, లీటరు వద్దు, ఇకనుంచి అరలీటరు చాలు అందావిడ. అంతే. టిఫిన్ సెంటర్ గోవిందు ఇడ్లీ రేకులు దించుతూ, "మూడో రోజుకే పాలు సగం చేసిందంటే, ముందే అనుకుని పెట్టుకుందన్నమాట" అన్నాడు. ఆ మాట మధ్యాహ్నానికి కాలువ దాటి అవతలి ఊరు చేరింది. వీధిలో పడి ఏడవలేదనేది రెండో నేరం. తలుపేసుకుని ఏడ్చింది. తలుపేసుకుని ఏడిస్తే అది లెక్కలోకి రాదని వీధి మొత్తం తీర్మానించింది.

సాయంత్రం నాలుగింటికి భీమశంకరం వంతు వచ్చింది. కౌంటర్లో ఉన్నది స్టేషన్ రైటర్ తాతబ్బాయి. మంచివాడు, ఎవరినీ కసురుకోడు. ఫారం అందుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేంటండీ శంకరంగారూ, ఎవరిమీద అనుమానమో రాయకుండా వదిలేశారు?"

"ఎవరో నాకు తెలీదయ్యా. మా ఆవిడ కాదని మాత్రం గట్టిగా తెలుసు."

"ఫలానావాళ్ళు కాదు అనడానికి గడి లేదండి. ఎవరో ఒకరి పేరు రాయాలి."

"తెలీదని రాస్తే?"

"తెలీనోళ్ళకి ఈ లైను కాదండి. తెలీనోళ్ళకి అసలు లైనే లేదు. ఇప్పటిదాకా ఒక్కరూ రాలేదు మరి."

"చచ్చిపోయింది నేనయ్యా తాతబ్బాయీ!"

"ఆయ్, కాదన్నానాండీ? అదే కదా ఇబ్బంది. కేసుతో సంబంధం ఉన్నోళ్ళ మాట ఎలా తీసుకుంటామండీ? ఏ సంబంధమూ లేనోళ్ళయితే పక్షపాతం లేకుండా చెబుతారు."

భీమశంకరం ఫోన్ సంగతి చెప్పాడు. తాతబ్బాయి శ్రద్ధగా విని, వెనక ఉన్న కట్టల్లోంచి ఒకటి తీశాడు. పక్కన నిలబడి కూడా ఫోన్లో మాట్లాడొచ్చనీ, ఒక చేత్తో ఫోను పట్టుకుని రెండో చేత్తో కొట్టొచ్చనీ అప్పటికే నూట ముప్పైమంది రాసి ఇచ్చారు. కొందరు బొమ్మ కూడా గీశారు. బొమ్మలో భ్రమరాంబ చేతికి ఆవిడ ఎప్పుడూ వేసుకోని గాజులున్నాయి.

పదో రోజు శనివారం బోర్డు పెట్టారు. ఇటుకల బట్టీ యజమానికి మూడువందల రెండు అనుమానాలు, భ్రమరాంబకు రెండువందల ఎనభై ఎనిమిది, భీమశంకరానికి నలభై ఒకటి, కాలువలో మొసలికి పదకొండు వచ్చాయి. తనను తాను వెనకనుంచి ఎలా కొట్టుకుంటానని భీమశంకరం అడగబోయాడు గాని, కారణం గడిలో 'పట్టుదల గల మనిషి' అని ఉండటం చూసి ఊరుకున్నాడు. అసలు హంతకుడు కూడా ఆ క్యూలో నిలబడి ఎవరిదో పేరు రాసే ఉంటాడు. ఊరంతా నిలబడింది కాబట్టి అతనొక్కడూ మానేసి ఉండడు.

ఆ సాయంత్రం ఇంటికి వెళితే భ్రమరాంబ అలవాటుగా మంచినీళ్ళ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. తాగలేడని ఇద్దరికీ తెలుసు. 

"బట్టీ ఆయనకీ నాకూ పద్నాలుగే తేడా అంట కదండీ?"

"నేనుండగా నీకేం భయమే?" అన్నాడు భీమశంకరం, తను లేడన్న సంగతి మరిచిపోయి. "రేపు పెద్దకర్మ. కాకి వచ్చి పిండం ముట్టిందంటే నాకు నీమీద ఏ కోపమూ లేదని ఊరంతా కళ్ళారా చూస్తుంది. కాకి ముందు ఏ ఫారమూ నిలవదు."

"కాకి వస్తుందంటారా?"

"నేను దగ్గరుండి రప్పిస్తాను కదా!"

ఆవిడకు కాస్త ధైర్యం వచ్చింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన దగ్గరుండి చేయించిన పని ఏదీ ఆగలేదు.

మర్నాడు కాలువగట్టున భీమశంకరం తమ్ముడు కర్మ చేశాడు. అరిటాకులో పిండం పెట్టి అందరూ దూరం జరిగారు. నాలుగు వీధుల జనం గట్టుమీద బారులు తీరారు, ఫోన్లు పైకెత్తారు. కొబ్బరిచెట్టు మీద కాకులు ఏడెనిమిది ఉన్నాయి. భీమశంకరం పిండం పక్కనే నిలబడి చెయ్యెత్తి, "రా, రా! నాకెవరిమీదా కోపం లేదు, రా!" అని గట్టిగా పిలిచాడు. ఒక కాకి కిందికి వాలబోయి, ఆరడుగుల మనిషి చేతులూపుతుంటే చూసి మళ్ళీ పైకి లేచిపోయింది.

"మీరు కాస్త అవతలికి జరిగితే వస్తాయేమోనండీ," అన్నాడు పురోహితుడు.

"నా పిండం పంతులుగారూ, నేను చూసుకుంటాను," అన్నాడు భీమశంకరం. భార్యకు మాటిచ్చి దూరంగా నిలబడటం ఆయన వల్ల కాలేదు. ఇంకా దగ్గరికి జరిగాడు. ఇంకా గట్టిగా పిలిచాడు. కండువా తీసి ఊపాడు. నలభై నిమిషాలైంది. కాకులు ఒక్కొక్కటే లేచి అవతలి గట్టుకు వెళ్ళిపోయాయి. చివరికి పురోహితుడు దర్భతో కాకిని చేసి పిండానికి తాకించి, దాన్ని కాలువలో కలిపించాడు.

గట్టుమీద ఫోన్లు కిందికి దిగాయి. తర్వాత గోవిందు, "చూశారా, పాపం! ఆయన మనసులో ఎంత బాధుంటే కాకి కూడా ముట్టలేదు!" అన్నాడు. "నేనిక్కడే ఉన్నానయ్యా, నన్నడుగు!" అని భీమశంకరం అరిచాడు. మొహమాటస్తుడు, పైకి చెప్పలేడు, కాకే చెప్పింది అనుకుంటూ జనం తడబడకుండా స్టేషన్ వైపు నడిచారు. మధ్యాహ్నం మూడు గంటలకు గులాబీ ఫారాలు అయిపోతే తెల్ల కాగితాల మీద రాయించుకున్నారు.

నాలుగు గంటలకు తాతబ్బాయి భీమశంకరానికి కబురు పంపాడు. ఫైలు సిద్ధమైందనీ, తెల్లారగానే భ్రమరాంబను తీసుకువస్తారనీ, పొద్దుగూకితే ఆయన వెళ్ళిపోతారు కాబట్టి ఆలోపు ఒకసారి చూసుకోవచ్చనీ చెప్పాడు. ఆఖరి పేజీలో సాక్షి సంతకానికి ఒక చోటు ఖాళీ ఉంది.

చించి పారేయాలనే భీమశంకరం స్టేషన్‌కు వెళ్ళి ఆ ఫైలు చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్నాక చదవకుండా ఉండలేకపోయాడు. ముప్పై ఒక్క ఏళ్ళు కాగితాలు రాసిన చెయ్యి అది. ఒకప్పుడు తన ఇంట్లో తాను కూర్చున్న ముసలాయనకు, కాగితాల ప్రకారం ఆ ఇల్లు వేరేవారిదని భీమశంకరమే నెమ్మదిగా నచ్చజెప్పాడు. ఆ ముసలాయన కాసేపు వాదించి, కాగితం చూసి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. కాగితం ముందు ఎవరైనా అంతే అని భీమశంకరం ఆ రోజు పదిమందితో గొప్పగా చెప్పుకున్నాడు.

ఫైలు తిరగేస్తూ పోయాడు. తొమ్మిదివందల చేతిరాతలు, ఒకే పేరు. పేజీ నంబర్లు వరసగా ఉన్నాయి. తేదీలు సరిపోయాయి. దొంగ దస్తావేజులో ఎక్కడో ఒకచోట కొట్టివేత ఉండి తీరుతుందని ఆయన అనుభవం. ఇందులో మొదటినుంచి చివరిదాకా ఒక్క కొట్టివేత లేదు. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. ఫోన్లో విన్న గొంతు గుర్తు చేసుకున్నాడు. నిన్నటిదాకా ఆ గొంతులో కంగారు వినిపించేది. ఇప్పుడు కాస్త నిదానంగా ఉన్నట్టనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గేసింది. కానీ అలా అనిపించడం ఆగలేదు. తాతబ్బాయి పెన్ను మూత తీసి ఇచ్చాడు.

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. గేటు బయట యాభై అరవైమంది ఉన్నారు, ఆయనకు దారి ఇచ్చారు. భ్రమరాంబ వాకిట్లోనే నిలబడి ఉంది.

"నా పేరు తీసేశారాండీ?"

"సంతకం పెట్టొచ్చానే."

"దేనిమీద?"

"ఫైలు మీద. ఎక్కడా తప్పు లేదు. అంత శుభ్రమైన ఫైలు నేను కూడా రాయలేదు."

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. "ఆ వేళ ఫోన్లో మీతో మాట్లాడింది నేనే కదండీ? మీరు పలక్కపోతే పిచ్చిదాన్లా పిలిచింది నేనే కదా? మీరు విన్నారు కదా?"

"విన్నాను. కానీ అది కాగితం మీద లేదు."

భీమశంకరానికి ఇంకా పది నిమిషాల టైముంది. ఆయనకు కోపం లేదు, ఇన్నేళ్ళు కలిసి బతికిన మనిషి మీద కోపం ఎలా ఉంటుంది? తెలుసుకుని వెళితే మనసుకు కాస్త నెమ్మదిగా ఉంటుందని మాత్రం అనిపించింది. "ఇంతకీ ఎందుకు చంపావు, భ్రమరా?" అని మెత్తగా అడిగాడు. అడిగి, ఆవిడకు ఇబ్బందిగా ఉంటుందేమోనని నాలుగడుగులు వెనక్కి వేసి, గేటు దగ్గర జనంలో కలిసి నిలబడ్డాడు. పక్కనున్నవాళ్ళు సర్దుకుని ఆయనకు చోటిచ్చారు. ఆవిడ ఏం చెబుతుందోనని అందరితో పాటు ఆయనా మెడ చాచి చూస్తున్నాడు.