నగరిలో నవ్వు తప్పనిసరి

నగరి పట్టణంలో ఇకమీదట ఎవరూ దిగులుగా ఉండరాదని ప్రజానంద పర్యవేక్షణ మండలి ఒక సోమవారం ఉదయం తీర్మానించింది. మధ్యాహ్నం నుంచే అమలు. (ఉదయం దిగులుపడినవారిని క్షమించారు.)

ఏర్పాటు చాలా సులువైనది. ఇంటి యజమాని రోజూ పొద్దున ‘చిరునవ్వు’ అనే యాప్ తెరిచి, ఫోను ముందు నవ్వాలి. యాప్ ఆ నవ్వును కొలిచి, ఆ కుటుంబం సుఖంగా ఉన్నదీ లేనిదీ తేల్చి, పైకి పంపుతుంది. పైన దాన్ని ఎవరు చూస్తారో ఉత్తర్వులో లేదు. నవ్వని ఇంటికి మరమగ్గాల కరెంటు రాయితీ ఆగిపోతుందని మాత్రం స్పష్టంగా ఉంది. నగరిలో ఇంటింటా మగ్గాలే కాబట్టి, ఊరు ఊరంతా శ్రద్ధగా పళ్లు తోముకోవడం మొదలుపెట్టింది.

వారం తిరిగేసరికి మా వీధి గొప్ప ఉల్లాసంగా తయారైంది. టీ అంగడి ముందు మగవాళ్లు వరసగా నిలబడి, ఎవరి ఫోనుకు వాళ్లు ఇకిలించేవారు. భార్యతో పోట్లాడుతున్న వెంకటముని మధ్యలో చేయెత్తి, "ఉండు మే, నగేసి వస్తా" అని, నవ్వేసి వచ్చి, తిట్టును ఆపిన చోటి నుంచే అందుకున్నాడు. సుబ్బులమ్మ భర్త పోయిన మర్నాడు యజమాని స్థానంలో ఆమె పేరు ఎక్కడంతో, ఆడబిడ్డలందరూ కలిసి ఆమెకు చక్కిలిగింతలు పెట్టారు. (యాప్ ఆమెకు ‘ఓ మోస్తరు సంతోషం’ ఇచ్చింది. ఆ పరిస్థితిలో అది మంచి ఫలితమే.)

ఇబ్బందల్లా దేవరాజులుకు వచ్చింది.

దేవరాజులు రెండు మరమగ్గాలున్న నేతగాడు. మా వీధిలో అంతటి సంతోషి లేడు. ఆయన ఒక మాటంటే విన్నవాళ్లు కడుపు పట్టుకుని అరుగు మీద దొర్లేవారు. కానీ ఆయన ముఖం కదలదు. నవ్వొస్తే భుజాలు ఎగురుతాయి, పొట్ట ఊగుతుంది. ముఖం మాత్రం ఆదివారం నాటి బ్యాంకు తలుపులా మూసే ఉంటుంది. వాళ్ల నాయనదీ అదే ముఖమట. పెళ్లయిన కొత్తలో భార్య చౌడేశ్వరమ్మ, ఈయనకు తాను నచ్చలేదేమోనని కొన్నాళ్లు ఏడ్చింది. తర్వాత పొట్టను చూడడం నేర్చుకుంది.

యాప్‌కు పొట్ట చూసే అలవాటు లేదు.

"మీరు విచారంగా ఉన్నారు. ధైర్యంగా ఉండండి" అంది మొదటి రోజు. రెండో రోజు "మీరు ఒంటరి కారు" అంది. ఆ పైన ఒక నంబరిచ్చి, ఓదార్పు విభాగంతో మాట్లాడమంది. దేవరాజులు మాట్లాడాడు. అవతల ఓదార్చడానికి కూర్చున్న కోమలి అనే అమ్మాయి, ఆయన మాటలకు నవ్వి నవ్వి కుర్చీలోంచి కిందపడింది. విధుల్లో ఉండగా సంతోషించినందుకు ఆమెను సంజాయిషీ అడిగారు. దేవరాజులును చిత్తూరు ఆఫీసుకు రమ్మన్నారు.

ప్రాంతీయ ఆనంద అధికారిణి పంకజాక్షి ఇన్‌ఛార్జి మాత్రమే. (అసలు అధికారి దీర్ఘకాలిక సెలవులో ఉన్నారు. మనసు బాగోలేదట.) ఆమె దేవరాజులునూ, పక్కనే నిలబడ్డ చౌడేశ్వరమ్మనూ కళ్లద్దాల మీదుగా చూశారు.

"మీరు సంతోషంగా ఉన్నారా?"

"ఉండా మేడం."

"ముఖంలో కనపడడం లేదే?"

"ముఖంలో యాడుంటాది మేడం? లోపల ఉండాది."

"లోపలిది చూసే సదుపాయం ఈ వెర్షన్లో లేదు."

చౌడేశ్వరమ్మ ఆగలేకపోయింది. "ఈయన పొట్ట సూడండి మేడం, ఎట్ట ఊగతా ఉండాదో!"

పంకజాక్షి చూశారు. గుమాస్తాలూ లేచి వచ్చి చూశారు. పొట్ట ఊగుతున్న మాట వాస్తవమేనని అందరూ ఒప్పుకున్నారు. కానీ నిబంధనల్లో పొట్ట లేదు.

"అట్టయితే మేడం, నా పొట్టకి ఇంకో లాగిన్ ఇచ్చేయండి" అన్నాడు దేవరాజులు, ముఖం కదలకుండా.

ముందు గుమాస్తా ఒకడు కిసుక్కుమన్నాడు. తర్వాత ఆఫీసంతా పగలబడింది. అటెండరు నవ్వలేక తలుపు పట్టుకుని జారిపోయాడు. పంకజాక్షి కొంగు నోట్లో కుక్కుకున్నారు. గోడమీది కెమెరా ఇంత నవ్వును ఎన్నడూ చూసి ఉండకపోవడంతో, దాన్ని అల్లరిమూకల దాడిగా గుర్తించి పోలీసులకు కబురు పంపింది. సిబ్బంది అందరికీ మెమోలు వచ్చాయి. దేవరాజులు అర్జీ తిరస్కరించారు.

బయటికొచ్చాక బస్టాండులో చౌడేశ్వరమ్మ, ఉప్పూకారం అద్దిన మామిడికాయ ముక్కలు కొని ఒకటి మొగుడి నోట్లో పెట్టింది. అది చిత్తూరు జిల్లా పులుపు. దేవరాజులు కళ్లు మూతపడ్డాయి, చెంపలు పైకి లేచాయి, పెదాలు చెవుల దాకా సాగాయి.

"కదలొద్దు! అట్నే ఉండయ్యా, అట్నే!" అని ఆమె ఫోను ఎత్తింది.

"అపారమైన ఆనందం! అభినందనలు!" అంటూ యాప్ తెరమీద పూలు చల్లింది.

మర్నాటి నుంచి నగరిలో మామిడికాయలు దొరకలేదు. వీధంతా పళ్లు పులిసి, అన్నం నమలలేక, గంజి తాగుతూ, రాష్ట్రంలోనే అత్యంత ఆనందకరమైన వీధిగా నమోదైంది. దేవరాజులుకు సభ పెట్టి, శాలువా కప్పి, ‘ఆనంద రత్న’ అన్నారు. ఆయన పొట్ట ఆ సభలో బాగానే ఊగింది.

సభ జరిగిన కొన్నాళ్లకు దేవరాజులు ఇంటికి ఉత్తర్వు వచ్చింది. ‘మీ ఆనందం పరిపూర్ణ స్థాయికి చేరినందున, ఆనందాన్ని పెంచడానికి ఉద్దేశించిన కరెంటు రాయితీ మీకు ఇక అవసరం లేదని సంతోషంతో తెలియజేస్తున్నాము.’

రాయితీ లేకుండా మగ్గం తిప్పితే నూలు ఖర్చు కూడా రాదు. దేవరాజులు రెండు మగ్గాలూ ఆపేశాడు. పుట్టినప్పటి నుంచీ ఆ టకటకల మధ్య బతికినవాడు, ఆ నిశ్శబ్దంలో ఎటు కూర్చోవాలో తెలియక గడప మీద కూర్చున్నాడు. వెంకటముని వచ్చి, "ఏమప్పా, ఒక మాట సెప్పు, నగుకుందాం" అన్నాడు. దేవరాజులుకు ఏ మాటా తోచలేదు. చౌడేశ్వరమ్మ అలవాటుగా పొట్ట వైపు చూసింది. కదలడం లేదు. అప్పుడు ముఖం చూసింది. పెదాల కొసలు రెండూ మెల్లగా కిందికి దిగాయి. ఆ ముఖం తనంతట తాను కదలగా ఆమె చూడడం అదే మొదటిసారి.

ఆమె కళ్లు తుడుచుకుని లోపలికి పోయి ఫోను తెచ్చింది. యాప్‌లో ‘దిగులు నమోదు విభాగం’ అని ఒకటి ఉంది. ఆనందం ఎక్కువై రాయితీ పోయినవాళ్లు అక్కడ దిగులు రుజువు చేసుకుంటే దాన్ని తిరిగి ఇస్తారు.

"తల పైకెత్తయ్యా. ఇప్పుడు అబద్ధమనే దానికి లేదు, ముఖంలోనే ఉండాది" అంటూ ఫోను ఆయన ముందు పట్టుకుంది.

యాప్ ఈసారి క్షణం కూడా ఆలోచించలేదు. "మీరు నిజంగానే విచారంగా ఉన్నారని గుర్తించాము. దిగులు నమోదు విభాగంలోకి ప్రవేశించడానికి దయచేసి ఒకసారి నవ్వండి" అంది.