వాచ్‌మన్ పాత్రకు న్యాయం

తమిళనాడులోని గుడియాత్తం బజారులో, పార్టీ భాషా మైనారిటీ విభాగం కార్యదర్శి కేశవన్ గారు మైకు ముందు నిలబడి ఒక చారిత్రక ప్రకటన చేశారు.

"నలభై ఏండ్ల కిందట ఒక సినిమాలో తెలుగోళ్లకు జరిగిన అన్యాయాన్ని శుక్రవారం లోపల సరిచేస్తాము!"

ఆ సినిమా ఆయన చూడలేదు. చూశాక ఆవేశపడడం ఎవరైనా చేయగలరు. చూడకుండానే ఆవేశపడగలిగిన వారినే నాయకులంటారు.

అదొక పాత తమిళ సైకలాజికల్ థ్రిల్లర్. మతి చెదిరిన హీరో, ఒక బంగళా, వరసగా హత్యలు. ప్రింటు బాగుచేసి వేలూరులో మళ్లీ విడుదల చేస్తున్నారు. అందులో తెలుగు మాట్లాడే మనిషి ఒకే ఒక్కడు, బంగళా వాచ్‌మన్. ఆ వేషం వేసింది చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పాల్‌రాజ్. ఆ రోజుల్లో షూటింగు వాళ్లు ఊళ్లోకి వచ్చి, మనిషి పొడుగ్గా ఉన్నాడని పట్టుకుపోయి చేతికి టార్చిలైటు ఇచ్చారు. మనవరాలు నివేదను పక్కన కూర్చోబెట్టుకుని తనను తాను తెర మీద చూపించాలని ఇప్పుడాయన కోరిక. విడుదల మాట చెవిన పడగానే చొక్కా ఇస్త్రీకి ఇచ్చాడు.

కేశవన్ గారు ఆయన ఇంటికే వచ్చారు.

"పెద్దాయనా, హంతకుడు మీరేనా?"

"కాదప్పా. వాచ్‌మన్ని."

"మీ మింద ఎవురికైనా అనుమానం వచ్చినాదా?"

"ఇన్‌స్పెక్టరు ఒకతూరి అదో మాదిరిగా చూసినాడు."

"అది చాలు నాయనా! తెలుగోడు కనపడితే హంతకుడేనా?"

మర్నాడు థియేటర్ ముందు ధర్నా. మేనేజరు జానకిరామన్ పరుగెత్తుకొచ్చి చేతులు జోడించాడు.

"సార్, హంతకుడు తెలుగాయన కాదు సార్. డాక్టరు!"

ధర్నా ఒక్క క్షణం ఆగింది. కేశవన్ గారు మాత్రం తడబడలేదు.

"ఏం? మావాళ్లకు హత్య సేసే తెలివి లేదనా? ఇన్ని హత్యల్లో మా వాటా యాడ?"

నినాదం మారింది. గొంతులు అవే.

వార్త పేపర్లో పడేసరికి తక్కిన వర్గాలకూ మెలకువ వచ్చింది. డాక్టరు పేరును బట్టి అతను తమవాడేనని తేల్చుకుని, అతని సీన్లు తీసేయమంది ఒక సంఘం. చచ్చేవాళ్లంతా మావాళ్లేనా అంది ఇంకొకటి. హీరోయిన్ తమ ఊరి పేరు చెప్పి ఏడ్చిందని పొన్నై నుంచి ఒక వ్యాను దిగింది. ఇన్‌స్పెక్టరు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాడని రిటైర్డు పోలీసులు నొచ్చుకున్నారు. శాంతి చర్చల్లో అందరి కోరికలూ మన్నించారు. మతి చెదిరినవాళ్ల తరఫున మాత్రం ఎవరూ రాలేదు. అందుకని హీరోను ఉంచారు.

"మరి వాచ్‌మన్?" అడిగాడు జానకిరామన్.

"గేటు కాసే వేషమా మాకు? తీసెయ్యి!" అన్నారు కేశవన్ గారు.

ఈ సంగతి పాల్‌రాజ్‌కు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆయన తరఫున కేశవన్ గారు ఉన్నారు కదా.

శుక్రవారం మంత్రిగారు వచ్చి రిబ్బన్ కత్తిరించారు. పాల్‌రాజ్‌కు శాలువా కప్పి, మనవరాలితో సహా ముందు వరసలో కూర్చోబెట్టారు. బొమ్మ మొదలైంది. హీరో ఖాళీ బంగళాలో మెట్లెక్కాడు, దిగాడు. గోడను చూసి "నువ్వే చంపావు!" అని అరిచాడు. గోడ ఒప్పుకోలేదు.

"తాతా, నువ్వు యాడ?"

"వస్తా ఉండానమ్మా. వాన పడతాది సూడు, అప్పుడు."

వాన పడింది. గేటు దానంతటదే తెరుచుకుంది. నివేద జడుసుకుని తాత చెయ్యి పట్టుకుంది. పాప్‌కార్న్ పొట్లం సగమైనా కాకముందే శుభం కార్డు పడింది. లైట్లు వెలిగాక కూడా పాల్‌రాజ్ తెర మీదనుంచి చూపు తిప్పలేదు.

మంత్రిగారు మైకు అందుకున్నారు. "ఏ వర్గానికీ ఇంకొక వర్గం కన్నా ఎక్కువ చోటు ఇవ్వని మొదటి సినిమా ఇది! పైగా ఒక్క హత్య కూడా జరగలేదు. మా పాలనలో శాంతిభద్రతలు ఇలా ఉంటాయి!"

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. కేశవన్ గారిని అక్కడికక్కడే జిల్లా కార్యదర్శిని చేశారు.

వెళ్లిపోతూ మంత్రిగారు పాల్‌రాజ్ ముందు ఆగారు. వచ్చీరాని తెలుగులో అడిగారు.

"వాచ్‌మన్ మీరేనా?"

"అవును సామీ."

మంత్రిగారు ఆయన భుజం తట్టారు.

"చూసినాను. రొంబ నేచురల్‌గా చేసినారు."