నీలమ్మ పప్పు మెత్తదనంపై అధికారిక నివేదిక

‘ఇక మీదట ఇబ్రహీంపట్నంలో కఠిన జలం అనేది చరిత్ర పుస్తకాల్లోనే ఉంటుంది’ అని మా వార్డు నాయకుడు ఇంద్రసేనన్న మైకులో ప్రకటించినప్పుడు నేను ముందు వరసలోనే ఉన్నాను. చప్పట్లు కూడా కొట్టాను. బోరు నీళ్లకు తెల్లగా పెచ్చు కట్టి చెడిపోయే గీజర్లను బాగుచేయడమే నా బతుకుతెరువు. అయినా కొట్టాను. నాయకుడు అలాంటివాడు మరి!

వార్డు మొత్తానికి మంజూరైంది ఒక్కటే మిషన్. నీళ్లను మెత్తబరిచే సాఫ్ట్‌నర్. జైపాల్ సార్ అనే ఆఫీసరు తనిఖీకి వచ్చి, బాధ ఎక్కడ ఎక్కువుంటే అక్కడ బిగించమని రాస్తారట.

“గా మిషన్ మన గల్లీకే రావాలె తమ్మీ” అంది నీలమ్మ. గల్లీ మొదట్లో ఆమెకు చిన్న మెస్ ఉంది. “కుక్కరు పది సీటీలు కొట్టినా కందిపప్పు పలుకు పలుకుగనే ఉంటది. గిరాకీ అంత పోతున్నది. మిషన్ రాకుంటే ఒకటో తారీకు మెస్ బంద్ పెడ్త.”

ఇంద్రసేనన్న ఇల్లిల్లూ తిరిగి ఆర్డర్ వేశాడు. “సారు వచ్చేదాక ఎవ్వలు బకెట్లు తోమొద్దు. నల్లాలు తుడ్వొద్దు. తెల్లగ పేరుకోవాలె. సారు సూసి పరేషాన్ కావాలె.”

ఆ వారం మా గల్లీ క్రమశిక్షణ చూడాలి! ఎర్ర బకెట్లు, నీలం బకెట్లు అన్నీ ఒకే రంగుకొచ్చాయి. రేణుకక్క తన బిందె గీకి, రాలిన పొడితో వాకిట్లో ముగ్గు వేసింది. నేను కూడా నా దుకాణంలోని పెచ్చు కట్టిన గీజర్ కాయిళ్లను ఇంటికొకటి చొప్పున ఉచితంగా పంచాను.

తనిఖీ రోజు జైపాల్ సార్ జీపు దిగేసరికి గల్లీ తళతళా మెరిసిపోతోంది.

“ఇదేందక్కా, తోమినవా?” అన్నాను రేణుకక్కతో.

“మల్ల? పెద్ద సారు ఇంట్లకొస్తుంటే గలీజ్ బకెట్ సూపెడ్తమా? ఇజ్జత్ లేదా మాకు?”

ఇంటింటా తెల్లారకముందే లేచి, నేనిచ్చిన కాయిళ్లతో సహా అన్నీ చింతపండు పెట్టి రుద్దారట. నీలమ్మ ఇంకో మెట్టు ఎక్కింది. సారుకు భోజనం తన దగ్గరే అని తెలిసి, రెండు క్యాన్ల మినరల్ వాటర్ కొని పప్పు వండింది. సార్ ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు.

“ఏం పప్పమ్మా ఇది! వెన్నపూస!”

“ఇంక జర ఏస్కో సారూ!”

“అక్కా, క్యాన్ నీళ్లని చెప్పవే!” అని నేను చెవిలో మొత్తుకున్నాను.

“ఊకో. తినేటోళ్ల ముంగట గవన్నీ చెప్తరా?” అని ఆమె ఇంకో గరిటె వేసింది.

సార్ చెయ్యి తుడుచుకుని రిపోర్టు రాశారు: ‘ఈ వీధి నీరు మృదువైనది. సాక్ష్యం: పప్పు.’ ఇక వార్డంతా వెతికితే పెచ్చు కనిపించింది ఒక్క ఇంట్లోనే. అది ఇంద్రసేనన్న ఇల్లు. మాట మీద నిలబడే మనిషి, ఒక్క మగ్గు కూడా తోమనివ్వలేదు. మిషన్ అక్కడికే వెళ్లింది.

“ప్రజల కష్టమంత నా ఇంట్లకే తెచ్చుకున్న” అంటూ ఆయన గద్గద స్వరంతో రిబ్బన్ కత్తిరించాడు.

ఆ రోజు భోజనాలకు పప్పు నీలమ్మే వండాలని, అదీ మిషన్ పక్కనున్న నల్లా నీళ్లతోనే వండాలని అన్న పట్టుబట్టాడు. మిషన్‌కు పూలదండ వేశారు. పచ్చ లైటు వెలుగుతోంది. పైపు మాత్రం ఎవరూ కలపలేదు. నల్లాలో వస్తున్నవి ఎప్పటి బోరు నీళ్లే. ఆ సంగతి నేను వృత్తిరీత్యా గమనించాను, పౌరుడిగా నోరు మూసుకున్నాను.

రెండు వందల మంది విస్తళ్ల ముందు కూర్చున్నారు. కాసేపు అంతటా పళ్ల కింద పప్పు పలుకుల పటపట చప్పుడు.

“ఎట్లున్నది సారూ పప్పు?” అన్నాడు ఇంద్రసేనన్న.

జైపాల్ సార్ దవడ పట్టుకుని నమిలారు. నీళ్లు తాగారు. మింగారు. “మెత్తగా ఉంది” అన్నారు. రెండు వందల తలలు ఊగాయి. నాదీ ఊగింది. అక్కడికక్కడే నీలమ్మకు శాలువా కప్పి, పప్పు మెత్తగా ఉందని సర్టిఫికెట్ ఇచ్చారు. కింద సంతకం, పక్కన గుండ్రటి ముద్ర.

ఒకటో తారీకున మెస్‌కు వచ్చిన గిరాకీ ఒక్కడే, ఆటో నడిపే ఐలేష్. రెండు ముద్దలు తిని, “అక్కా, పప్పు ఉడకలే” అన్నాడు.

నీలమ్మ గరిటెతో గోడ మీది సర్టిఫికెట్ చూపించింది. ఐలేష్ లేచి పోయి చదివాడు. ముద్ర మీద వేలు పెట్టి చూశాడు.

“అయితే నా పళ్లే ఖరాబైనట్టున్నయ్. దవాఖానకు పోత” అని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం దాకా చూసి నీలమ్మ గిన్నెలు సర్దింది. నేను వాటిని ఇంకో ఆటోలోకి ఎక్కించాను.

“సర్టిఫికెట్ తీస్కపోవా అక్కా?” అన్నాను.

“ఉండనీ తమ్మీ” అంది తాళం వేస్తూ. “రేపు ఎవ్వలన్న ఈడ మెస్ పెడ్తే, ఆళ్లకు గూడ గివే నీళ్లు గద.”