మామయ్యగారిది పాడైపోయింది

పొద్దున్నే సైకిలు చెయినుకు నూనె వేద్దామని బయల్దేరిన రిటైర్డు బస్సు డ్రైవరుగారికి, బాల్కనీలో కోడలు ఫోనులో అంటున్న మాట చెవిన పడింది.

"మామయ్యగారిది పాడైపోయింది. ఇంక లాభం లేదు. ఆయనకి నేనే నెమ్మదిగా చెప్తాలే."

కోడలు ఆస్పత్రి ల్యాబులో పనిచేస్తుంది. గుండె నుంచి పొట్టలోకి దిగే పెద్ద రక్తనాళం కొందరిలో చడీచప్పుడు లేకుండా ఉబ్బి, ఒకనాడు పగిలిపోతుంది. ఆ ఆనవాళ్లు రక్తంలో ముందే దొరుకుతాయేమోనని వాళ్లు వెతుకుతున్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ల రక్తంతో పోల్చడానికి మొన్న మామగారి రక్తమూ తీసుకుంది.

పెద్దాయన నూనె డబ్బా పక్కన పెట్టి కూర్చున్నాడు. తన సంగతి అటుంచి, ఆ కబురు నోటితో చెప్పాల్సిన పిల్లమీదే ఆయనకు జాలి వేసింది. ఆమె పనికి వెళ్లేదాకా ఏమీ ఎరగనట్టే ఉన్నాడు. ఆ తరువాత తమ్ముడికి ఫోన్ చేశాడు. తమ్ముడు ఇళ్లకు రంగులు వేస్తాడు. ముందుగదికి వేసిన రంగు బాగాలేదని అన్నగారు అన్నప్పటి నుంచీ ఇద్దరికీ మాటల్లేవు.

"ఒరేయ్, నా పని అయిపోయింది. ఒకసారి వచ్చి కనపడరా," అన్నాడు. తమ్ముడు ఉన్నపళంగా బయల్దేరాడు. దారిలో చెల్లెళ్లకు మాత్రం చెప్పాడు. చెల్లెళ్లు మిగతా అందరికీ చెప్పారు.

సాయంత్రం కోడలు వచ్చేసరికి గుమ్మం ముందు చెప్పుల కుప్ప, లోపల ఏడుపులు. ఎవరికేమైందోనని ఆమె పరుగున వెళ్లి, కుర్చీలో క్షేమంగా కూర్చున్న మామగారిని చూసి బావురుమంది. దాంతో ఉన్న కాస్త అనుమానమూ అందరికీ తీరిపోయింది.

"ఊరుకోమ్మా, నాకు తెలిసిపోయింది," అన్నాడాయన ఆమె తల నిమురుతూ. "పాడైపోయిందన్నావుగా."

"మీ శాంపిలు మామయ్యా! ట్యూబులో గడ్డకట్టింది. ఇంకోసారి ఇస్తారేమో అడుగుదామనుకున్నాను."

చెల్లెళ్లు కళ్లు తుడుచుకున్నారు. చివరికి తమ్ముడే చొక్కా చెయ్యి మడిచాడు. "ఎలాగూ వచ్చాను కదా, నాదీ తీసుకోమ్మా."

ఈసారి తీసిన అన్నగారి రక్తం నిక్షేపంలా ఉంది. తమ్ముడిదే తేడాగా వచ్చింది. రక్తం ఒక్కటే చూసి ఏమీ చెప్పలేమంటూనే కోడలు పట్టుబట్టి స్కాన్ తీయించింది. నాళం బాగా ఉబ్బి ఉంది. పగలక ముందే ఆపరేషన్ చేశారు. ఆ రోజంతా అన్నగారు ఆపరేషన్ గది తలుపు దగ్గర నుంచి కదల్లేదు.

ఇంటికి పంపేరోజు డాక్టరు, ఏ బాధా లేకుండానే పరీక్షకు ఎందుకొచ్చారని అడిగాడు.

"మా అన్నయ్య పోతున్నాడంటే వచ్చానండీ," అన్నాడు తమ్ముడు.

డాక్టరు, పక్కనే కూర్చుని రోగి కోసం తెచ్చిన ఆపిల్ తింటున్న అన్నగారిని కాసేపు పరీక్షగా చూసి, ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయాడు.