ఫొటోలో లేని మొగుడు

ఆ రోజు పొద్దున ఆ ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. త్వరగా లేవాలి, ఇల్లు సర్దుకోవాలి, పదకొండింటికి వలసల శాఖ ఆఫీసరు వచ్చేసరికి మొగుడూ పెళ్ళాల్లా కనబడాలి. మొదటి రెండూ తొందరగానే అయిపోయాయి. చిక్కంతా మూడోదాని దగ్గరే వచ్చింది, ఎందుకంటే వాళ్ళు నిజంగానే మొగుడూ పెళ్ళాలు.

భార్య ఆ దేశపు పౌరురాలు, సిటీ బస్సు డ్రైవరు. భర్త పెళ్ళిళ్ళకీ పుట్టినరోజులకీ ఫొటోలు తీస్తాడు. నాలుగేళ్ళ కిందట ఆమెను చేసుకుని ఆ దేశం వచ్చి పడ్డాడు. ఉంటున్నది అత్తగారి ఇల్లు. మా అల్లుడు ఇంటికే కాదు, దేశానికే ఇల్లరికం వచ్చాడని ఆవిడ వచ్చినవాళ్ళందరికీ చెప్పి మురుస్తుంది. ఆ ఇల్లరికం ఖాయం కావాలంటే పెళ్ళి ఉత్తుత్తిది కాదని ఆఫీసరుకి నమ్మకం కుదరాలి. కుదరకపోతే నెల తిరక్కుండా అతను మూటాముల్లె సర్దుకోవాలి; మళ్ళీ ఎప్పుడు రానిస్తారో చెప్పే నాథుడు లేడు. ఆ దిగులుతో ఆమె వారం రోజులుగా బస్సుని స్టాపు దాటించి ఆపుతోంది.

కాఫీ తాగుతుండగా ఆమెకి శాఖవాళ్ళు చెప్పిన మాట గుర్తొచ్చింది. ఇద్దరూ కలిసి ఉన్న ఫొటోలు చూపించాలట. ఫొటోగ్రాఫరింట్లో ఫొటోలకేం కరువని ఆ సంగతి ఇద్దరూ పట్టించుకోలేదు. అతను ధీమాగా కంప్యూటరు తెరిచాడు. ఆమె ఫొటోలు వేలకొద్దీ ఉన్నాయి. ఇద్దరూ కలిసి ఉన్నది ఒక్కటంటే ఒక్కటి లేదు. కెమెరా ఎప్పుడూ అతని చేతిలోనే ఉండేది మరి. ప్రాణం పోయినా పరాయివాళ్ళ చేతికి ఇచ్చేవాడు కాదు. రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి నాడు కూడా తన సంతకం గబగబా గీకేసి, బల్ల అవతలికి పరిగెత్తి, ఆమె సంతకం పెడుతుంటే తనే తీసుకున్నాడు.

"ఇప్పుడేం చేద్దామండీ?" అంది ఆమె.

"తీసేద్దాం. ఇంకా టైముంది."

"నాలుగేళ్ళ ఫొటోలు ఒక్క పూటలోనా?"

"అప్పటిదాకా మొహమొహాలు చూసుకోని జంటలకి జన్మజన్మల బంధం ఉన్నట్టు తీసినవాణ్ణి. మనకి నాలుగేళ్ళు తీయలేనా?"

తీయడానికి కెమెరా స్టాండు కావాలి. స్టాండు బాల్కనీలో ఉంది. ఖాళీగా ఉంది కదా అని అత్తగారు దాని కాళ్ళు కుండీ మట్టిలో పాతి చిక్కుడు తీగ పాకించింది. అల్లుడు కత్తెర పట్టుకుని వెళితే ఆవిడ అడ్డంగా నిలబడింది. తీగ పూత మీద ఉందనీ, పూత మీదున్న తీగని తుంచిన చేతికి అచ్చిరాదనీ తేల్చి చెప్పింది. కావాలంటే మీట తానే నొక్కుతానంది. గతిలేక అతను ఒప్పుకున్నాడు.

మొదట పుట్టినరోజు తీశారు. రొట్టె మీద కొవ్వొత్తి గుచ్చి, ఇద్దరూ కలిసి ఊదారు. తరువాత సముద్రపు ఒడ్డు తీశారు. నీలం దుప్పటి గోడకి కట్టి, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, ఫ్యాను గాలికి ఆమె జుట్టు ఎగరేశారు. తీసినవి చూసుకుంటే మొదటి దాంట్లో అత్తగారి బొటనవేలు పడింది. మిగతా అన్నిటిలోనూ కూతురు నిండుగా ఉంది, అల్లుడు మెడ వరకే ఉన్నాడు. మా అమ్మాయి మొహం బాగా రావాలని చూశాను నాయనా, నువ్వేమో పొడుగైపోయావు అంది ఆవిడ, తప్పంతా అతని ఎత్తుదే అన్నట్టు.

అతను కింద వాటాలోకి పరిగెత్తాడు. అక్కడుండే వడ్రంగి తన బావమరిది నిన్ననే ఊళ్ళో దిగాడనీ, చెయ్యి వణకని మనిషనీ, స్నానం కాగానే పంపిస్తాననీ మాటిచ్చాడు. ఆ బావమరిదిని వీళ్ళెప్పుడూ చూసి ఎరగరు.

ఇక్కడ ఆమె ఉద్యోగం గురించి ఒక మాట చెప్పాలి. ఆ వీధికి వచ్చే బస్సు ఆమెది. ముసలివాళ్ళు ఎక్కి కూర్చునేదాకా, పరిగెత్తుకొచ్చేవాళ్ళు అందుకునేదాకా ఆపుతుంది. అందుచేత రోజూ అరగంట ఆలస్యం. ఆఫీసరు కూడా రోజూ ఆ బస్సులోనే తన ఆఫీసుకి వెళ్ళే మనిషి కాబట్టి, ఆ ఆలస్యం లెక్క వేసుకునే ఇంట్లోంచి ముందుగా బయల్దేరాడు. ఆ రోజు ఆమె సెలవు పెట్టింది. బస్సు ఠంచనుగా వచ్చింది, ఆఫీసరూ అరగంట ముందే వచ్చేశాడు.

తలుపు తీసిన అత్తగారు, ఫొటోల పని మీదేనా బాబూ అని అడిగింది. అవీ చూడాలండీ అన్నాడాయన వినయంగా. ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.

గదిలో చలికాలం నడుస్తోంది. బయట ఎండ మాడ్చేస్తుంటే వాళ్ళిద్దరూ ఉన్ని కోట్లు, చెవుల మీదికి టోపీలు, నల్ల కళ్ళద్దాలు వేసుకుని చెమటలు కక్కుతున్నారు. అల్లుడు కెమెరా తెచ్చి ఆయన మెడలో వేసి, ఏ మీట నొక్కాలో చూపించాడు. ఎదుటివాళ్ళు ఏం చేస్తున్నా అడ్డు చెప్పకుండా చూడడమే ఆయన ఉద్యోగం. అందుకని మారుమాట్లాడకుండా తీసుకున్నాడు.

"మేం కొండల మీదికి వెళ్ళి మంచు చూస్తున్నట్టు రావాలండీ" అన్నాడు అల్లుడు.

"ఎప్పుడు వెళ్ళారు?"

"వెళ్ళలేదు. ఆఫీసరు వచ్చేలోపల వెళ్ళొచ్చేయాలి."

ఆయన కెమెరా కాస్త దించాడు. "పెళ్ళయిందా మీకు?"

"అయింది గాని, అయినట్టు కనబడటం లేదు. అదే మీరు కాస్త చూడాలి."

చూస్తానన్నాడు ఆయన. ఆమె చక్కగా నవ్వింది, ఆయన మీట నొక్కాడు. సరిగ్గా అప్పుడే గంట మోగింది. తడి తలతో ఒక కుర్రవాడు గుమ్మంలో నిలబడి, బావ పంపించాడండీ, ఫొటోలు తీయాలంట అన్నాడు.

అందరూ గుమ్మం వైపు చూశారు. తరువాత అందరూ కెమెరా మెడలో ఉన్నాయన వైపు చూశారు. ఆయన కోటు జేబులోంచి గుర్తింపు కార్డు తీసి, తప్పు చేసినవాడు తనే అయినట్టు మొహమాటంగా చూపించాడు.

ముందుగా తేరుకున్నది అత్తగారు. ఆవిడ చేసిన ఉపకారం ఏమిటంటే, మా అల్లుడు మంచివాడండీ, ఇలాంటివి తీయడం ఇవాళే మొదలుపెట్టాడు అని చెప్పడం. అల్లుడు టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆమె కోటు విప్పి, కళ్ళద్దాలు తీసి అతని వైపు తిరిగింది.

"నాలుగేళ్ళలో ఒక్కసారి, ఒక్కసారైనా ఆ కెమెరా కింద పెట్టి నా పక్కన నిలబడ్డారా?" అంది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇప్పుడు వెళ్ళిపొమ్మంటే నేనేం చూసుకుని బతకాలి? నా మొహమా?"

ఆఫీసరు గొంతు సవరించుకుని, ఈ పొద్దుటివి కాకుండా పాతవేమైనా ఉన్నాయా అని అడిగాడు. ఉన్నాయి గాని అన్నిటిలోనూ ఆమె ఒక్కతే ఉందన్నాడు అతను. ఫరవాలేదన్నాడు ఆయన.

అల్లుడు కంప్యూటరులో ఒక్కొక్కటే జరిపాడు. నిద్ర లేచి జుట్టు విరబోసుకుని, కెమెరాకి అరచెయ్యి అడ్డం పెడుతున్న ఆమె. పళ్ళు తోముకుంటూ నురగ నోటితో తిడుతున్న ఆమె. డ్యూటీ బట్టల్లో గబగబా తింటూ, బుగ్గ ఉబ్బించి ఉరిమి చూస్తున్న ఆమె. జ్వరంలో రగ్గు కప్పుకుని ఇక చాలు అన్నట్టు చూస్తున్న ఆమె. రిజిస్ట్రారు బల్ల మీద కలం పట్టుకుని, ముందు ఇలా వచ్చి నిలబడండి అన్నట్టు కనుబొమలు ముడిచిన ఆమె. ఒక్క దాంట్లోనూ నవ్వు లేదు. అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇన్ని వేల ఫొటోల్లో పెళ్ళాం ఒక్కసారీ నవ్వలేదంటే ఏ ఆఫీసరు నమ్ముతాడు?

ఆయన మాత్రం తెర మీది మొహాన్నీ, పక్కనున్న మొహాన్నీ మార్చి మార్చి చూశాడు.

"మీరు మా బస్సు డ్రైవరు కదూ? కళ్ళద్దాల్లో పోల్చుకోలేకపోయాను" అన్నాడు. "రోజూ నన్ను చూసి నవ్వుతారు. ఎక్కిన ప్రతివాణ్ణీ చూసి నవ్వుతారు. ఇందాక ఆ మంచు ఫొటోలో కూడా అచ్చం అదే నవ్వు నవ్వారు."

ఆమె తల దించుకుంది.

"ఈ చూపు మాత్రం మేమెవరం ఎరగం. ఇది పరాయివాణ్ణి చూసే చూపు కాదమ్మా" అని, తెర మీద నురగ నోటి ఫొటో వైపు వేలు చూపించి, "ఇది నాకు కావాలి" అన్నాడు.

దాన్ని బయటపెడితే ఊరుకోనని ఆమె భర్త వైపు ఉరిమి చూసింది. ఆఫీసరు ఆ చూపుని కూడా గమనించి తల పంకించాడు.

అలా అతనికి ఆ దేశంలో శాశ్వత నివాసం దొరికింది. కెమెరా స్టాండు మీద చిక్కుడు తీగకి అంతకుముందే దొరికి ఉంది.