అత్తగారి గదికి వంకాయ రంగు

శనివారం ఉదయం కాఫీ గ్లాసు కింద పెట్టి, వంకల్రావు గొంతు సవరించుకున్నాడు.

"మీ అమ్మగారి గదికి రంగు నేనే వేస్తాను. నా చేతులతో."

వంకల్రావు అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. అతను బిస్కెట్ల ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే ఉద్యోగి. బాగున్న బిస్కెట్టును విరిచి చూసి, విరిగిపోయిందని రాసే మనిషి గనుక కింది ఉద్యోగులు ఆ పేరు పెట్టారు. అది ఫ్యాక్టరీ గేటు దాటి చుట్టాల్లోకి కూడా పాకింది. మొహం మీద మాత్రం ఎవరూ అనరు.

చొక్కా ఇస్త్రీ చేస్తున్న భార్య చెయ్యి ఆగిపోయింది. గోడకు మేకు కొట్టాలన్నా మనిషిని పిలిపించి, అతను కొడుతుంటే పక్కన నిలబడి వంకర అని చెప్పే భర్త ఇతనేనా అన్నట్టు చూసింది.

"మీకెందుకండీ శ్రమ? పెయింటర్ని పిలుద్దాం."

"పెయింటరు గోడ కోసం వేస్తాడు. నేను మనిషి కోసం వేస్తాను. తేడా ఉండదూ?"

ఆ మాట తన నోట్లోంచి ఎలా ఊడిపడిందో అతనికే తెలియలేదు. ఆమె కళ్లు చెమర్చాయి. చొక్కా కాలరు మాడింది.

అసలు సంగతి వేరు. కొత్తగా కొన్న ఇంట్లో తమ పడగ్గది పోగా రెండు గదులున్నాయి. ముందు గదికి బాల్కనీ ఉంది, గాలి ఉంది, ఎదురుగా వీధంతా కనిపిస్తుంది. ఇల్లు చూడ్డానికి వచ్చిన మొదటి రోజే వంకల్రావు మనసులో అక్కడ ఒక పడక్కుర్చీ వేసేసి, ఎదురుగా టీవీ కూడా బిగించేశాడు. రెండోది వెనక గది. కిటికీ తెరిస్తే పక్క భవనం గోడ పలకరిస్తుంది. ఆ గదిని చూడ్డానికి రేపు అత్తగారు వస్తోంది. నచ్చితే ఇక్కడే ఉండిపోతుంది.

అత్తగారు పెద్ద ఆస్పత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైంది. ఆమె వార్డులోకి వస్తుంటే డాక్టర్లు కూడా చొక్కా గుండీలు సరిచూసుకునేవారట. పోయినసారి ఆవిడ వచ్చి వెళ్లాక కూడా చాలా రోజులు వంకల్రావు భోజనానికి ముందు కడిగిన అరచేతులు రెండూ ఎవరికో చూపిస్తూనే ఉన్నాడు.

ఆవిడ ఇంట్లో ఉంటే పడక్కుర్చీలో కాళ్లు చాపుకోవడం కల్ల. అలాగని రావద్దని అతను అనలేడు. ఉండనన్న మాట ఆవిడ నోటి నుంచే రావాలి. రాబట్టే మార్గం రాత్రి పక్క మీద దొర్లుతుంటే దొరికింది.

రంగుల దుకాణాయన కార్డు మీద అతను వేలు పెట్టిన చోటు చూసి కళ్లజోడు సవరించుకున్నాడు. అది వంకాయ రంగు. అదీ లేత వంకాయ కాదు, ముదిరి గింజ పట్టిన వంకాయ.

"గోదాముకాండీ?"

"పడగ్గదికి. మా అత్తగారి గది."

దుకాణాయన అతని కళ్లలోకి ఒక్క క్షణం చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"ఇంకో చుక్క నలుపు కలపమంటారా?"

"కలపండి," అన్నాడు వంకల్రావు. ఒకరినొకరు అర్థం చేసుకున్న మగవాళ్లు ఎక్కువ మాట్లాడుకోరు.

అతను తిరిగొచ్చేసరికి భార్య ఈ వార్తను చుట్టాలందరి ఫోన్లకూ ఎక్కించేసింది. "మా ఆయన అమ్మ కోసం స్వయంగా గదికి రంగు వేస్తున్నారు" అన్న వాక్యం కింద చేతులు జోడించిన బొమ్మలు బారులు తీరాయి. వంకల్రావుకు కాస్త సిగ్గేసింది, దానికంటే ఎక్కువ ఆనందమేసింది. పొగడ్తను విరిచి చూసే అలవాటు అతనికి లేదు.

ముందు ఫోన్ చేసింది తోడల్లుడు.

"ఏవయ్యా, ఎందుకు మా కొంపలు ముంచుతావు? పొద్దుట్నుంచీ మా ఆవిడ నాతో మాట్లాట్టం లేదు. రంగు వేస్తే వేశావు, చాటింపు దేనికి?"

"మనసులో ప్రేమ ఉంటే దాగదు అన్నయ్యా," అన్నాడు వంకల్రావు. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు గట్టిగా వినిపించింది.

గదికి కర్టెన్లు కుట్టించుకొస్తానని భార్య బయటికి వెళ్లింది. వంకల్రావు పాత బనీను వేసుకుని పనిలోకి దిగాడు. గోడ గీకాలని, దుమ్ము తుడవాలని డబ్బా మీద రాసి ఉంది. అవన్నీ గది బాగుండాలనుకునే వాళ్లకు. రంగు కలపకుండానే రోలరు ముంచాడు. నిచ్చెన ఎక్కడం ఎందుకని కింద నుంచి మొదలుపెట్టాడు. కింద సగం అయ్యాక తప్పక నిచ్చెనెక్కి పైన వేస్తే పై రంగు చారలు చారలుగా కింది దాని మీదికి దిగింది. గోడ ఏడుస్తున్నట్టు కనిపించింది. వంకల్రావుకు నచ్చింది.

వీధి తలుపు తీసే ఉంది. మెట్లకు అవతల ఉండే ఎదురింటావిడ గుమ్మంలోంచి తొంగిచూసింది.

"ఎవరికండీ గది?"

"మా అత్తగారికండీ."

ఆవిడ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. మరుక్షణం ఎదురింట్లోంచి ఆవిడ గొంతు స్పష్టంగా వినిపించింది.

"చూడండి, మనిషంటే అలా ఉండాలి! నెత్తి దాకా రంగు పూసుకుని అత్తగారి కోసం చాకిరీ చేస్తున్నాడు. మా అమ్మ వస్తే మీరు చూసేది రైలు టైము!"

కాసేపటికి ఎదురింటాయన వచ్చాడు. జైలుకు పంపిన మనిషిలా ఉన్నాడు. చేతిలో ఒక బ్రష్షుంది.

"మీకు సాయం చెయ్యమంది మా ఆవిడ," అన్నాడు పళ్లు కొరుకుతూ.

సాయం అక్కర్లేదంటే వినలేదు. వెనక్కి వెళ్తే ఇంట్లో ఇంకా కష్టమట. కసినంతా చేతుల్లోకి తెచ్చుకుని నిచ్చెన ఎక్కాడు. పైమెట్టు మీద డబ్బా ఉన్న సంగతి చూసుకోలేదు. మోచెయ్యి తగిలింది. డబ్బా ఒకసారి ఆలోచించుకున్నట్టు ఊగి బోర్లా పడింది.

వంకాయ రంగు గదిని నింపి, గుమ్మం దాటి, హాల్లోంచి నేరుగా ముందు గదిలోకి ప్రవహించింది. వంకల్రావు దాని వెంట పరిగెత్తాడు. అది తన గది!

"గుడ్డ! గుడ్డ తెండి!"

ఎదురింటాయన చేతికందింది లాగాడు. అది కొత్త దుప్పటి. తుడిచిన కొద్దీ రంగు పలచబడి ఇంకా దూరం పాకింది. ఇద్దరి పాదాల గుర్తులూ వంటింటి దాకా వెళ్లి తిరిగొచ్చాయి. చివరికి బకెట్లతో నీళ్లు తెచ్చి గుమ్మరించి, చీపురుతో మొత్తం బాల్కనీలోకి తోశారు. బాల్కనీ మూలన నీళ్లు బయటికి పోయే గొట్టం ఉంది. వీధి మీదికి.

బాల్కనీలో నడుం పట్టుకుని నిలబడ్డాక, ఎదురింటాయన నిలదీశాడు.

"ఒక్క మాట చెప్పండి. మీకు నిజంగా మీ అత్తగారంటే అంత ఇదా? అయితే నా బతుకు అయిపోయినట్టే."

జాలేసింది వంకల్రావుకు. పైగా అంత తెలివైన ఉపాయం ఎవరికీ చెప్పుకోకుండా ఎంతసేపని దాచుకుంటాడు?

"పిచ్చివాడా! ఆ రంగు చూసి ఎవరైనా ఆ గదిలో ఉంటారా? ఆవిడ రేపు వస్తుంది, చూస్తుంది, కళ్లు తిరిగి వెనక్కి పోతుంది. నేను ఎంతో బాధపడతాను. ఈ బాల్కనీ గది మాత్రం నాది!"

ఎదురింటాయన మొహం విప్పారింది. "గురువుగారూ!" అంటూ ఉత్సాహం పట్టలేక ఆఖరి బకెట్టు ఎత్తి గుమ్మరించాడు. గొట్టంలోంచి ధార కిందికి దూకింది.

కింద ఎవరో "అబ్బా!" అన్నారు.

ఇద్దరూ వంగి చూశారు. మొదటి అంతస్తే గనుక అంతా బాగా కనిపించింది. టాక్సీ పక్కన, చేతిలో చిన్న సంచీతో, తెల్లచీర మీద భుజం నుంచి కుచ్చిళ్ల దాకా వంకాయ రంగు చారతో, రేపు రావలసిన అత్తగారు తలెత్తి చూస్తోంది.

ఎదురింటాయన వచ్చిన దారినే మాయమయ్యాడు.

అత్తగారు పైకి వచ్చింది. కేకలెయ్యలేదు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి ఓ పక్కగా పెట్టింది.

"అత్తయ్యా, చూసుకోలేదు... రేపు కదా మీరు..."

"తువ్వాలెక్కడుంది?"

స్నానం చేసి, కూతురి చీర కట్టుకుని వచ్చి ఇల్లంతా తిరిగింది. ఆస్పత్రి వార్డు తనిఖీ చేస్తున్నట్టే ఉంది నడక. వెనక గది గుమ్మంలో చాలాసేపు నిలబడింది. ఏడుస్తున్న గోడలను చూసింది, కిటికీ తెరిచి అవతలి గోడను చూసింది. వెనకే నిలబడ్డ వంకల్రావు లోపల్లోపల పండగ చేసుకున్నాడు. ఆవిడ మీద రంగు పడ్డం కూడా మంచికే అయిందనుకున్నాడు.

అంతలో భార్య కర్టెన్లతో వచ్చింది. హాలు చూసింది, దుప్పటి చూసింది, నోరు తెరిచింది. అమ్మను చూసి మూసుకుంది.

"అమ్మా! గది నచ్చిందా? ఆయన పొద్దుట్నుంచీ నీకోసమే..."

"చూశానమ్మా. ఈ గదిలో నేను ఉండలేను."

వంకల్రావు నుదురు పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. "అయ్యో! నా కష్టమంతా..." అన్నాడు. గొంతు బాగానే వణికింది.

"అందుకే," అంది అత్తగారు. "మనిషి ఇంత ఇష్టంగా, ఒళ్లు హూనం చేసుకుని వేసుకున్న గది. దాన్ని నేను లాక్కోవడం పాపం. ఈ గది అల్లుడే ఉంచుకోవాలి. నేను ఆ బాల్కనీ గదిలో ఎలాగో సర్దుకుంటాను."

నుదుటి మీది చెయ్యి కిందికి జారింది.

"నిజం చెప్పొద్దూ," అంది ఆవిడ కూతురితో, "అసలు ఉండనని చెబుదామనే ఒకరోజు ముందొచ్చాను. నా ఇల్లు నాకు బాగానే ఉంది. సాయంత్రం బండికి టికెట్టు కూడా తీసుకున్నాను. కానీ ఈ ప్రేమ చూశాక కాలు కదలట్లేదు."

భార్య తల్లిని కావలించుకుంది. తర్వాత మొగుడి వైపు తిరిగి, "మీవల్లేనండీ! అంతా మీవల్లే!" అని ఏడ్చేసింది. ఆ మాటలో అబద్ధం లేదు.

"తెల్ల రంగు... వెనక గదికి తెల్ల రంగు వేసి..." అని ఏదో అనబోయాడు వంకల్రావు.

"వద్దు నాయనా! జ్ఞాపకంగా అలాగే ఉండనీ," అంది అత్తగారు. కూతురు నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లేదాకా ఆగి, దగ్గరికొచ్చి నెమ్మదిగా చెప్పింది. "మొదటి అంతస్తు కదా, కిందికి మాటలు బాగా వినిపిస్తున్నాయి. నేనొచ్చాక బాల్కనీలో కాస్త చిన్నగా మాట్లాడుకోవాలి మనం."

సోమవారం ఆవిడ సామాను దిగింది. బాల్కనీలో పడక్కుర్చీ వేయించుకుంది.

వంకల్రావుకు సొంత గది ఉంది, అందులో పగలు కూడా లైటు వేసుకోవాలి.