మూడో రౌడీ గారి ఆరోగ్యం

పాత సినిమా కార్డుల సంరక్షణ సంఘం వారి తాజా ప్రకటన ప్రకారం మన ఊళ్ళో ప్రస్తుతం అత్యంత విలువైన వస్తువు మూడో రౌడీ. అంటే మనిషి కాదు, కార్డు. పాఠకులు ఈ తేడా గమనించవలసిందిగా కోరుతున్నాం. సంఘం వారు మొదటి నుంచీ గమనిస్తూనే ఉన్నారు.

ఒకప్పుడు బబుల్‌గమ్ పొట్లంలో సినిమా కార్డొకటి పెట్టి అమ్మేవారు. హీరో వస్తే పిల్లలు పుస్తకంలో దాచుకున్నారు. హీరోయిన్ వస్తే అన్నయ్యలు లాక్కున్నారు. మూడో రౌడీ వస్తే సైకిలు చక్రం పుల్లల మధ్య ఇరికించి టపటపలాడించారు. అందుచేత నేడు హీరోలు వీధికో కట్ట దొరుకుతున్నారు, మూడో రౌడీ ఒక్కడే మిగిలాడు. ఆనాడు ఎవరికీ అక్కర్లేకపోవడమే అతని గొప్పతనమని నిపుణులు నిర్ధారించారు.

ఆ ఒక్క కార్డూ సంఘాధ్యక్షులైన పళ్ళ డాక్టరుగారి దగ్గరుంది. బబుల్‌గమ్ వల్ల రెండు విధాలా బాగుపడిన వ్యక్తి లోకంలో ఆయనొక్కరే. కార్డును గాజుపెట్టెలో పెట్టి, రోగులు కూర్చునే హాల్లో ఉంచి, ఏసీ దానివైపు తిప్పించారు. రోగులకు చెమట పట్టవచ్చు, కార్డుకు పట్టకూడదు.

ఒకరోజు పన్ను నొప్పితో వచ్చిన కుట్టుమిషనావిడ ఆ పెట్టె ముందు ఆగిపోయింది.

"ఇదేంటండీ, మా నాన్నని ఇందులో పెట్టారు?"

డాక్టరుగారు తడబడ్డారు. "మీ నాన్నగారా?"

"ఆయనేనండీ. ఆ చేతిలో కత్తి అట్టది. వానలో తడిసి వంగిపోతే, వంకర కనబడకుండా పక్కకి తిప్పి పట్టుకున్నారట."

"ఆయన... ఉన్నారా?"

"ఉన్నారండీ. మా కొట్టు వెనక గదిలో."

"ఇంకా?" అన్నారు డాక్టరుగారు. ఆ గొంతులో వినిపించింది ఆశ్చర్యమేనని అనుకుందాం.

నిజానికి పెద్దాయన ఉన్నా లేనట్టే ఉన్నాడు. కూతురు పగలంతా మిషను తొక్కుతుంది. పలకరించేవారు లేక ఆయన మాట మానేశాడు, ఆ తర్వాత ఆకలీ మానేశాడు. గోడవైపు తిరిగి పడుకోవడం ఒక్కటే చేస్తున్నాడు.

సంఘం వారు వెంటనే సన్మానసభ పెట్టారు. అధ్యక్షులవారు గంభీరంగా ఉపన్యసించారు. "మిత్రులారా! మూడో రౌడీయే లేకపోతే, రెండో రౌడీ పడిపోగానే సినిమా అయిపోయేది. మిగతా డబ్బులు థియేటరువాడు వెనక్కిచ్చేవాడా?" సభ చప్పట్లతో మారుమోగింది.

పెద్దాయన కార్డు మీదికి చెయ్యి చాపాడు.

"ముట్టుకోకండి!" అని ఒక్క గొంతుతో అరిచారు సభ్యులు.

"నా మొహం నేను ముట్టుకోకూడదా బాబూ?"

"మీ మొహం ఎంతైనా ముట్టుకోండి. ఇది కార్డు."

కార్డు మీద సంతకం మాత్రం కావాలన్నారు. ఆయన్ని సంతకం అడగడం జీవితంలో అదే మొదటిసారి. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, చెయ్యి వణక్కుండా మెల్లగా పెట్టాడు. సంఘం తరపు నిపుణుడు, చేతిగడియారాలు బాగుచేసే ఆయన, కంటికి అద్దం బిగించి పరిశీలించి పెదవి విరిచాడు.

"గీత పడింది. విలువ సగం పోయింది."

డాక్టరుగారి మొహం పాలిపోయింది.

"అయితే," అన్నాడు నిపుణుడు, "వీరు మళ్ళీ సంతకం పెట్టలేని పరిస్థితి వస్తే పదింతలవుతుంది."

అందరూ పెద్దాయనవైపు చూశారు.

"చెయ్యి విరిచేస్తారా బాబూ? పర్లేదు, సినిమాల్లో చాలాసార్లు విరిచారు."

"అబ్బే, అంత చిన్నది చాలదండీ," అన్నాడు నిపుణుడు మర్యాదగా.

ఆ మర్నాటి నుంచి సంఘం యావత్తూ పెద్దాయన ఆరోగ్యం పట్ల అపారమైన శ్రద్ధ వహించింది. రోజూ ఎవరో ఒకరు అరటిపళ్ళు పట్టుకుని కొట్టు వెనక గదికి వచ్చేవారు.

"రాత్రి దగ్గారా?"

"లేదు బాబూ."

"కాస్తయినా?"

కానీ వచ్చినవాళ్ళు కూర్చునేవారు. కూర్చున్నవాళ్ళకి ఆయన కథలు చెప్పేవాడు. మేడమీద నుంచి గడ్డివాములోకి దూకిన కథ, హీరో పొరపాటున నిజంగానే కొట్టి తర్వాత టీ ఇప్పించిన కథ. చెప్పి చెప్పి ఆకలి వేసేది. పళ్ళు తినేవాడు. బుగ్గలకు రంగు వచ్చింది. ఒకరోజు దెబ్బ తగలకుండా కిందపడటం ఎలాగో వీధిలో పడి చూపించి, తనంతట తాను లేచాడు. ఆ సాయంత్రం కార్డు ధర దారుణంగా పడిపోయింది.

సంఘం అత్యవసర సమావేశం జరిపింది. "మన ప్రేమే మన కొంప ముంచింది!" అని అధ్యక్షులవారు వాపోయారు. ఇకపై ఎవరూ ఆయన్ని చూడ్డానికి వెళ్ళరాదని ఏకగ్రీవంగా తీర్మానించారు.

ఎవరూ రాలేదు. పెద్దాయన కొన్నాళ్ళు కొట్టు ముందు కుర్చీ వేసుకుని వీధి మలుపు వైపు చూశాడు. తర్వాత కుర్చీ లోపలికి తెచ్చేశాడు. ఆ పూట పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండిపోవడం చూసి, కూతురు మిషను ఆపి సరాసరి డాక్టరుగారి దగ్గరికి పోయింది.

"నాన్నకి అస్సలు బాగోలేదండీ. ఇవాళో రేపో అన్నట్టుంది."

గంట తిరక్కుండా సంఘమంతా గదిలో ఉంది, పళ్ళతో సహా. పెద్దాయన ఇటు తిరిగి, లేచి కూర్చుని, "గడ్డివాము సంగతి చెప్పానా బాబూ?" అన్నాడు.

అప్పటి నుంచీ గది బోసిపోయినట్టనిపించినప్పుడల్లా ఆవిడ "దగ్గు మొదలైందండీ" అని కబురు పెడుతోంది. పరుగున వస్తున్నారు. ఆయన కోలుకుంటున్నాడు. ధర పెరుగుతోంది, పడుతోంది. ఇది మార్కెట్టు సహజ స్వభావమని నిపుణుడు వివరించాడు.

ఇదంతా అరుగుల మీద నుంచి చూసిన ఆ చుట్టుపక్కల పెద్దలు తమకు కూడా తలా ఒక కార్డు అచ్చు వేయించవలసిందని సంఘానికి అర్జీ పెట్టుకున్నారు. అందులో మొదటి సంతకం అధ్యక్షులవారి సొంత నాన్నగారిది. నిపుణుడు అద్దం బిగించి చూసి, ప్రస్తుతానికి దానికి విలువేమీ లేదని తేల్చాడు.